పైకి చెప్పిన ప్రార్థన

మా అక్క కూతురు వసపిట్ట. పద్నాలుగేళ్ళొచ్చినా దాని నోట్లో నువ్వుగింజ నానదు. దాని ప్రాణస్నేహితురాలేమో నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటుంది. అందుకే ఆ పిల్లని ముత్యాలు అంటాం. ఇద్దరూ నా ఆదివారం బడి పిల్లలే. వారమంతా కుట్టుమిషను తొక్కుతాను, ఆదివారం చర్చి వెనక గదిలో పదిమందికి పాఠం చెబుతాను.

ఆ ఆదివారం పాఠమయ్యాక అందరం కళ్ళు మూసుకున్నాం. వసపిట్ట ప్రార్థన అందుకుంది.

"ప్రభువా, మా ముత్యాలు వాళ్ళ నాన్నగారు ఇల్లొదిలి వెళ్ళిపోయి నెలయింది. ఆయన మనసు మార్చు తండ్రీ."

కళ్ళు మూసుకున్నాం గానీ చెవులు మూసుకోలేదు కదా. ఆమెన్ అని చూసేసరికి ముత్యాలు కుర్చీ ఖాళీగా ఉంది.

తరువాత రెండు ఆదివారాలు ఆ పిల్ల రాలేదు, ఫోనెత్తలేదు. వసపిట్ట అన్నం సగంలో వదిలేసి లేచిపోతోందని అక్క చెప్పింది. నాకు జాలేసింది. అంతకు రెండింతలు కోపమొచ్చింది. దాన్ని నా కుట్టు దుకాణానికి పిలిపించాను.

"మంచికే కదా పిన్నీ చెప్పాను! ప్రార్థనేగా!"

"నిన్ను నమ్మి నీ ఒక్కదానికే చెప్పుకుంది. దేవుడికేమైనా చెవుడా, మనసులో అనుకుంటే వినపడదా? తప్పు చేశాక దాని ఫలితమేంటో కళ్ళారా చూడాలి. పద, వాళ్ళింటికి."

తలుపు ముత్యాలే తీసింది. చేతులకి గిన్నెలు తోముతున్న సబ్బు నురగ. దారంతా వల్లించుకున్న మాటలన్నీ మరిచిపోయి వసపిట్ట "తప్పయిపోయిందే" అని భోరుమంది.

"ఏడవకే. నిన్నెప్పుడో క్షమించేశాను," అంది ముత్యాలు. "కానీ ఇంక నీకేమీ చెప్పను."

చూశావా అన్నట్టు మా పిల్ల వంక చూశాను. అప్పుడు ముత్యాలు నావైపు తిరిగింది.

"పాస్టరమ్మగారు వచ్చి వెళ్ళారు టీచర్. మా కోసం ప్రార్థన చెయ్యమని మీరే చెప్పారట. ఆ రోజంతా అమ్మ గదిలోంచి బయటికి రాలేదు."

నిజమే. ఆ ప్రార్థన మర్నాడు సోమవారమే, పాస్టరమ్మగారికి జాకెట్టు చేతి కొలత తీస్తూ అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. గురివింద గింజ తన నలుపెరగదంటారు, ఊరికే అనలేదు. సిగ్గుతో నా తల వాలిపోయింది.

"నన్నూ క్షమించు తల్లీ. ఒకసారి అమ్మని పిలుస్తావా?"

లోపలికి వెళ్ళొచ్చి, "అమ్మ పడుకుంది," అంది. లోపలి గదిలో గాజుల చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది.

తరువాతి ఆదివారం పాఠంలో, ఎవరి గుట్టు బయటపెట్టానో చెప్పకుండా, నా తప్పే ముందు చెప్పుకున్నాను. పాఠం సగంలో ఉండగా ముత్యాలు వచ్చి వసపిట్ట పక్కన కూర్చుంది.

"ప్రార్థించాల్సిన సంగతులేమైనా ఉన్నాయా?" అని అడిగాను చివర్లో.

ముత్యాలు చెయ్యెత్తింది. "ఒకటుంది టీచర్. మనసులోనే చెప్పుకుంటాను."

వసపిట్ట నోరు తెరిచింది. వాళ్ళ నాన్న వచ్చాడా లేదా అని అడగడానికి దాని ప్రాణం ఎంత కొట్టుకుంటోందో నాకు తెలుసు. మూసేసింది. నా బంగారుతల్లి, జన్మలో మొదటిసారి ఒక మాట మింగింది. మెల్లగా ముత్యాలు చెయ్యి పట్టుకుంది.

కళ్ళు మూసుకోమని పిల్లలకు చెప్పి నేను మాత్రం తెరిచే ఉంచాను. ముత్యాలు చెయ్యి విడిపించుకోలేదు.