రొద ఎక్కడ పెట్టాలి

రోజూ షట్టరెత్తగానే రిపేరు షాపావిడ చేసే మొదటి పని, నిన్న గిటార్లలోంచి తీసిన రొదలన్నీ డబ్బాల్లో ఉన్నాయో లేదో చూసుకోవడం. తర్వాత టీ తాగుతూ గోడకి వేలాడే గిటార్లని చూసి, వాటిని వాయించేవాళ్ళని తిట్టుకోవడం. ఆవిడకి వాయిద్యాలంటే ప్రాణం, వాయించేవాళ్ళంటే ఒళ్ళు మంట. తుప్పు పట్టేదాకా తీగలు మార్చరు. గిటారు మీద కూర్చుంటారు. బకెట్టు మోసినట్టు మెడ పట్టుకుని ఊపుకుంటూ తెస్తారు. తెచ్చి, దీనికేదో అయిందండీ అంటారు. దానికేమీ అవదు, చేసేదంతా మీరేనని ఆవిడ మొహం మీదే చెప్పేది. అయినా అందరూ ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్ళు. ఎందుకంటే ఆవిడ తీసిన రొద ఆ గిటారులోకి మళ్ళీ రాదు.

రాదు గానీ, చావదు కూడా. తీసిన రొదని దేన్లోనో ఒకదాన్లో పెట్టాలి. ఆ వీధిలో ఇది అందరికీ తెలిసిన సంగతే గనక ఎవరూ దాని గురించి మాట్లాడరు. పక్క మేడ మీది లాయరు గారు తన గిటారులోది పట్టుకెళ్ళి క్లయింట్లు కూర్చునే కుర్చీలో పెట్టించుకున్నారు, తొందరగా లేచిపోతారని. చెప్పుల షాపాయన తనది ట్యూబ్‌లైటులో పెట్టుకున్నాడు, మధ్యాహ్నం కునుకు పట్టకుండా. షాపు పద్ధతి ఒక్కటే. ఎవరి గిటారో వాళ్ళే చెప్పాలి, ఎక్కడ పెట్టాలో. ఇంకొకళ్ళు చెప్పినచోట అది నిలవదు.

ఆ రోజు పొద్దున బావా మరదలూ వచ్చారు. బావ ఒక బ్యాండుకి యజమాని, డ్రమ్ములు వాయిస్తాడు. పెళ్ళాం పాడుతుంది, పెళ్ళాం చెల్లెలు బేస్ గిటారు వాయిస్తుంది. ఇంటిల్లిపాదినీ తనే ఉద్ధరిస్తున్నాననుకునే మనిషి. పోనీ డ్రమ్ములైనా బాగా వాయిస్తాడా అంటే, చపాచపా బట్టలుతికినట్టు వాయిస్తాడు. మరదలు మాత్రం ఆ లావు తీగల మీద వేళ్ళు పెడితే పాట కాళ్ళ మీద నిలబడేది. ఆ సంగతి ఆవిడకి తప్ప అందరికీ తెలుసు, బావకి ఇంకా బాగా తెలుసు. అందుకే చెప్పేవాడు కాదు.

మరదలికి గొంతు లేదు. మూగది కాదు, మాట్లాడుతుంది. కానీ పక్కన ఫ్యాను తిరుగుతుంటే చాలు, ఆవిడ మాట ఎవరికీ వినపడదు. ఆవిడ ఏమందో బావే అందరికీ చెప్తాడు. ఆవిడ అన్నదొకటి, ఆయన చెప్పేదొకటి.

"మేడమ్, గిటారులో ఒకటే బజ్," అన్నాడు బావ కుర్చీ లాక్కుని. "నిజానికి తప్పు గిటారుది కాదు. ఈవిడ వేళ్ళది. నొక్కడం రాదు. సాయంత్రం హాల్లో ప్రోగ్రాం ఉంది. అప్పటికీ బజ్ వస్తే మా తమ్ముడు వాయిస్తాడు. ఇవాళే కాదు, ఇకమీదట కూడా. అందరి ముందూ చెప్పేశాను."

మరదలు ఏదో అంది. పెదవులు కదిలాయి.

"సరే అంటోంది," అన్నాడు బావ.

ఆయన తమ్ముడి సంగతి అందరికీ తెలుసు. గిటారు మెళ్ళో వేసుకుని ఫొటోలు దిగుతాడు. ఆ ఫొటోల్లో చాలావాటిలో ఎడంచెయ్యి ఎక్కడుండాలో అక్కడ ఉండదు.

షాపావిడ ఆయన వైపు చూడలేదు. "వాయించమ్మాయ్," అంది.

మరదలు వాయించింది. యాంప్లిఫయరులోంచి లావు స్వరంతో పాటు రేకు డబ్బాలో కందిరీగ పడ్డట్టు జుయ్యిమని ఒక చప్పుడు. షాపావిడ వైరు పీకేసింది. యాంప్లిఫయరు ఊరుకుంది, జుయ్యిమనేది మాత్రం సన్నగా వినపడుతూనే ఉంది.

"కరెంటుది కాదు."

"నేను ముందే చెప్పానుగా," అన్నాడు బావ. చెప్పలేదు. పోయినవారమే వైరు మార్పించాడు, యాంప్లిఫయరు ఊడదీయించాడు, కొత్త తీగలు వేయించాడు. రొద ఎక్కణ్ణించి వస్తోందో చెవి పెట్టి వినడం ఒక్కటే చెయ్యలేదు.

షాపావిడ తీగలు బిగించే మరలన్నీ ఒక్కొక్కటే వేళ్ళతో అదిమి చూసింది. రొద ఆగలేదు. అప్పుడు మెడ మీద అడ్డంగా ఉండే కమ్మీల దగ్గర ఒక్కొక్కచోటే తీగ నొక్కి, మీటమంది. తల వైపు నుంచి మొదటి అయిదు కమ్మీల దాకా జుయ్యిమంది. అవతల శుభ్రంగా పలికింది. షాపావిడ తీగని రెండు చివర్లా నొక్కిపట్టి, మధ్యలో తీగ కింద విజిటింగ్ కార్డు దూర్చబోయింది. దూరలేదు. తీగ కమ్మీల మీద పడుకుని ఉంది.

"మెడ వెనక్కి విరుచుకుపోయింది," అంది. "లోపల ఇనప కడ్డీ ఉంటుంది, మెడ తిన్నగా ఉండటానికి. దాన్ని ఎవరో బిగించారు. ఒకసారి కాదు, బిగించి బిగించి పెట్టారు. ఈ నిర్వాకం ఎవరిది?"

బావ జేబులోంచి తాళాల గుత్తి తీశాడు. అందులో వంకర తాళంచెవి ఒకటి, అలెన్ కీ, కారు తాళం పక్కనే తళతళలాడుతోంది. సిగ్గుపడుతూ కాదు, గర్వంగానే తీశాడు. "నేనే. ప్రతి ప్రోగ్రాం ముందూ కొంచెం బిగిస్తా. బిగిస్తేనే కదండీ శబ్దం."

డ్రమ్ములవాళ్ళకి ఇదొక రోగం. డ్రమ్ము తోలు బిగిస్తే బాగా మోగుతుంది కాబట్టి లోకంలో మర అనేది ఎక్కడ కనపడ్డా బిగించాల్సిందే అనుకుంటారు. ఈ మహానుభావుడైతే మైకు స్టాండ్లు బిగించేవాడు, కుర్చీలు బిగించేవాడు, పెళ్ళాం కళ్ళజోడు కూడా బిగిస్తే దాని కాడ ఊడి చేతికొచ్చింది. అప్పుడు కూడా కళ్ళజోడుదే తప్పన్నాడు.

"అయ్యా, తమరు చాలా గొప్పవారు," అంది షాపావిడ. "ఇది డ్రమ్ము కాదని తమరికి ఎవరూ చెప్పలేదా?"

"మేడమ్, నేను ఈ ఫీల్డులో పాతికేళ్ళ నుంచి ఉన్నా."

"తెలుస్తూనే ఉంది. కాస్త ఆ చెయ్యి తీస్తారా." అప్పటికే ఆయన బల్లకున్న మర ఏదో బిగించబోతున్నాడు.

మరదలు మళ్ళీ ఏదో అంది. ఈసారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వేళ్ళు సరిగ్గా నొక్కడం లేదని వారాల తరబడి పడ్డ మాటలు గుర్తొచ్చాయి కాబోలు. అన్నీ పడి, ఇంట్లో వేళ్ళు వాచేదాకా సాధన చేసింది పాపం. తప్పు తన వేళ్ళదేనని తనూ నమ్మేసింది. షాపావిడకి ఆవిడ మీద జాలి కలగలేదు, చిరాకే కలిగింది. నోట్లో నాలుక లేకపోతే ఇలాగే ఉంటుంది బతుకు అనుకుంది. అనుకోవడమేం, పైకే అనేసింది.

తర్వాత కడ్డీని కొంచెం వదులు చేసింది. వెంటనే వాయించనివ్వలేదు. చెక్క తీరిగ్గా కదులుతుంది, మనుషుల్లా దూకదు అంది. కాసేపాగి ఇంకొంచెం వదులు చేసింది. మధ్యలో బావ రెండుసార్లు, ఇంత వదులైతే శబ్దం చస్తుందని చెప్పాడు. ఆయన మాట గాలికి పోయింది. విజిటింగ్ కార్డు తీగ కింద దూరింది. రొద వెనక్కి తగ్గి తగ్గి ఒక్క కమ్మీ దగ్గరికి చేరింది. షాపావిడ ఉక్కు స్కేలు పెట్టి చూసింది. ఆ కమ్మీ ఒక పక్క కాస్త లేచి ఉంది. చిన్న సుత్తితో నెమ్మదిగా కొట్టింది, దిగింది. రొద బయటికొచ్చి బల్ల మీద పడింది.

చొక్కా గుండీ అంత ఉంది. నల్లగా, గోరువెచ్చగా, నిలబడ్డచోటే వణుకుతోంది. షాపావిడ దాని మీద మూత బోర్లించింది. మరదలు తీగ మీటింది. గిటారు శుభ్రంగా, గుండె లోపల మోగినట్టు పలికింది. ఆవిడ వాయిస్తూనే ఉండిపోయింది, కళ్ళు తుడుచుకోకుండానే.

"ఇక చాల్లే," అంది షాపావిడ. "దీన్ని ఎక్కడ పెట్టమంటావు?"

మరదలు చెప్పింది. పైన ఫ్యాను తిరుగుతోంది.

"వాళ్ళింటి మిక్సీలో పెట్టమంటోంది," అన్నాడు బావ.

ఆవిడ అనలేదు. చేత్తో కాదని సైగ చేసి మళ్ళీ ఏదో అంది.

"సరే, ఫ్రిజ్‌లో అంటోంది. ఏదో ఒకటి, తొందరగా కానివ్వండి."

మరదలు ఆయన వైపు చూసింది. ఇన్నేళ్ళలో అంత సేపు ఆ మొహాన్ని ఎప్పుడూ చూసి ఉండదు. చూసేంత గొప్ప మొహమూ కాదనుకోండి. తర్వాత మూత ఎత్తి, గుండీ లాంటి ఆ రొదని రెండు వేళ్ళతో తీసుకుని, నోట్లో వేసుకుని మింగేసింది.

షాపావిడ నీళ్ళ సీసా అందించింది. "సాయంత్రం దాకా మాట్లాడకు. కుదురుకోవాలి."

"ఆవిడకి అదేం కష్టం కాదు లెండి," అని నవ్వాడు బావ.

సాయంత్రం హాల్లో ఇంకా జనం రాలేదు. వరసగా స్టీలు కుర్చీలు, స్టేజీ మీద వైర్లు, బల్ల మీద గాజు గ్లాసులు. అక్క మైకు ముందు నిలబడి ఏదో కూనిరాగం తీస్తోంది. బావ తమ్ముడు జెల్ రాసుకున్న జుట్టుతో తగుదునమ్మా అని వచ్చి, గిటారు అప్పుడే మెళ్ళో వేసుకున్నాడు.

"బాగైందో లేదో వీడు వాయించి చెప్తాడు," అన్నాడు బావ. "బాగైతే మాత్రం ఏం? ఎలాగూ మెళ్ళో వేసుకున్నాడు, ఇవాళ్టికి వాణ్ణే కానిద్దాం. నువ్వు వెనకాల కూర్చో." అని జేబులోంచి తాళాల గుత్తి తీశాడు. "ఆవిడెవరో మరీ వదులు చేసిపెట్టింది. ఉండు, ఒక్క చుట్టు బిగిస్తా."

"ముట్టుకోవద్దు బావా," అంది మరదలు.

గొంతు లావుగా, కిందనుంచి, గరగరమంటూ వచ్చింది. బావ డ్రమ్ముల్లో చిన్నదాని అడుగున స్ప్రింగు తీగలుంటాయి. ఎవరూ కొట్టకుండానే అవి జుయ్యిమన్నాయి. గాజు గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగాయి. హాల్లో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పి ఆవిడ వైపు చూశారు. ఏళ్ళ తరబడి ఆ స్టేజీల మీద నిలబడిన మనిషిని అదే మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

"ఏమే, గొంతు బాలేదా?" అంది అక్క.

"ఇప్పుడే బాగైందక్కా. గిటారు చెడగొట్టింది నా వేళ్ళు కాదు. ఆ చేతిలో ఉన్న కీ."

ఆవిడ ఒక్కో మాటకీ డ్రమ్ము జుయ్యిమంటోంది. బావ మొహం మాడిపోయింది. డ్రమ్ము నోరు ముయ్యించాలని దాని మరలు బిగించాడు. ఆవిడ ఇంకో మాటంది, అది ఇంకా గట్టిగా మోగింది. ఆయన ఇంకా బిగించాడు. ఆపమని అక్క చెప్పింది, వినలేదు. వినడం ఆయనకి ఎప్పుడు వచ్చు గనక. చివరి చుట్టుకి తోలు మధ్యకి చీలి, రెండు ముక్కలై ముడుచుకుపోయింది.

తమ్ముడు ఎవరూ అడక్కుండానే గిటారు మెళ్ళోంచి తీసి మరదలి చేతికిచ్చాడు. ఆ మాత్రం తెలివి వాడికుంది.

ఆ సాయంత్రం ప్రోగ్రాం డ్రమ్ములే లేకుండా జరిగింది. తాళమంతా బేస్ గిటారే మోసింది. బావ వెనకాల కుర్చీలో కూర్చుని, కూర్చున్న కుర్చీ మరలు తడుముతూ గడిపాడు. అక్క అంత నిశ్చింతగా పాడటం ఎవరూ వినలేదు. జనం ఇంకో పాట, ఇంకో పాట అని లేవకుండా కూర్చున్నారు. ఇంతకాలం పాటలకి అడ్డం పడుతున్నదేమిటో అందరికీ తెలిసొచ్చింది.

జనం వెళ్ళాక హాలు మేనేజరు స్టేజీ దగ్గరికొచ్చాడు. ఆయనకి బావ తెలుసు. ఎప్పుడూ బావతోనే మాట్లాడతాడు. అలవాటు కొద్దీ ఆయన వైపే నడిచి, మధ్యలో ఆగి అటూ ఇటూ చూశాడు.

"వచ్చే నెల మూడు ప్రోగ్రాములున్నాయి. ఈ బ్యాండు గురించి ఎవరితో మాట్లాడాలి?"

బావ లేచి నోరు తెరిచాడు.

"నాతో," అంది మరదలు. ఖాళీ కుర్చీలన్నీ జుయ్యిమన్నాయి.