ఎర్ర గోళ్లరంగు పూసిన తూటా

మా కుల్డా ఊరి గోదాములో గోధుమ లారీలు తూచేది నేనే. లారీలో రెండు బస్తాలు తగ్గినా కాటా చూడకుండానే పసిగడతానని ఊళ్లో నాకు పేరు. ఆ పేరు నేనే పుట్టించాను. అలాంటి నేను, క్లైవ్ నోస్కేని, ఆర్నెల్లపాటు సాయంత్రం పూట వంటింటి బల్ల ముందు కూర్చుని తూటాల్లో పోసే మందుపొడి ఆవగింజంత చొప్పున తూచాను. కారణం, నా రైఫిల్ సూటిగా కొట్టడం లేదు. కొట్టనిది నేనేమో అన్న ఆలోచన ఒకటి రెండుసార్లు గుమ్మం దాకా వచ్చింది గానీ నేను తలుపు తీయలేదు.

మా రైఫిల్ క్లబ్బు జట్టులో నలుగురుంటారు. ఏటా యార్లీ ఊరివాళ్లతో పోటీ. నాలుగో చోటు నలభై ఏళ్లు రెగ్ అనే పెద్దాయనది. ఆయన పోయాక నాకొచ్చింది. తొమ్మిదేళ్లుగా జలగలా పట్టుకుని ఉన్నాను. పోయినేడు మందుల షాపులో పనిచేసే లియాన్ క్లబ్బులో చేరింది. మూడో శనివారానికే నన్ను దాటిపోయింది, అదీ షాపులో కొన్న మామూలు తూటాలతో. కెప్టెన్ మారిస్ టీ దగ్గర నన్ను పక్కకు పిలిచాడు.

"ఏరా క్లైవూ, మార్చి మొదటి శనివారం నువ్వూ ఆ అమ్మాయీ చెరో పది గుళ్లు కొట్టండి. ఎవరికి ఎక్కువొస్తే వాళ్లే జట్టులో. ఏమనుకోకు."

"అనుకోవడానికేముంది? నా తూటాలు బాగుండటం లేదు, అంతే," అన్నాను.

రెగ్ భార్య డల్సీ అక్కడే కప్పులు సర్దుతోంది. ఎనభై దగ్గరపడినా శనివారం శనివారం వచ్చి నా స్కోరు రాసేది ఆవిడే. "తూటాలే అంటావా అబ్బాయ్?" అంది. మర్నాడు రెగ్ ఇంట్లో తూటాలు చేసుకోవడానికి వాడిన ప్రెస్సునూ చిన్న త్రాసునూ కారులో వేసుకుని మా ఇంటికి వచ్చింది.

"వంటింట్లో కూర్చుని నన్నే చూస్తోందిది. నువ్వుంచుకో."

రెగ్ ప్రెస్సు చేతికొచ్చిందంటే రెగ్ చోటు ఖాయమైనట్టేనని పొంగిపోయాను. ఆ చోటు కాస్తా పోగొడితే ఈవిడ మొహం ఎలా చూడాలన్న భయం కూడా ఆ రోజే పట్టుకుంది.

పని చెప్పుకుంటే చిన్నదే. కాల్చేసిన ఇత్తడి గొట్టం అడుగున మందుకు నిప్పంటించే కొత్త టోపీ బిగించి, కొలిచిన మందు పోసి, పైన గుండు పెట్టి ప్రెస్సు పిడి లాగాలి. మొదటిరోజు డల్సీ నా చేత డమ్మీ ఒకటి చేయించింది. పేలిపోయిన పాత టోపీ అలాగే ఉన్న గొట్టం, లోపల మందు లేదు, పైన గుండు మాత్రం ఉంది. మిగతా తూటాల పొడవు దాని పక్కన పెట్టి చూసుకోవడానికన్నమాట.

"వాటిలో కలిసిపోతుంది, దీనికేదైనా గుర్తు వెయ్," అంది.

నా భార్య జానెట్ గోళ్లరంగు తీసి దానికి ఎర్ర పట్టీ వేశాను. ఆ సీసా కోసం జానెట్ వారం రోజులు ఇల్లంతా వెతికింది.

రెండో వారంలో మూడు గుళ్లు ఒకదాన్నొకటి తాకేలా పడ్డాయి. ఆ గురి కాగితం కత్తిరించి ఫ్రిజ్జు మీద అంటించాను. మర్నాడు అదే రకం తూటాలు అరచేయంత మేర చెల్లాచెదురయ్యాయి. ఆ కాగితం పొయ్యిలో వేశాను. తప్పు మందుదని మందు మార్చాను. తర్వాత గుండ్లవని అడిలైడ్ నుంచి వేరే రకం తెప్పించాను. తర్వాత టోపీలవన్నాను. బాగా వచ్చినవి ఫ్రిజ్జెక్కాయి, రానివి పొయ్యిలోకి పోయాయి. నెల తిరిగేసరికి ఫ్రిజ్జును చూస్తే నేను దేశంలోకెల్లా గొప్ప గురికాడిని.

"ఇంకా మార్చనిదేమైనా మిగిలిందా?" అంది జానెట్ పాలు తీసుకుంటూ.

"త్రాసు మీద అనుమానంగా ఉంది."

"దాన్నీ మార్చు. ఆనక నన్ను మారుద్దువుగాని."

ఆడలేక మద్దెల ఓడన్నాడట ఎవడో. నేను ఓడని తీర్మానించిన మద్దెలలతో అప్పటికి గరాజు నిండిపోయింది.

పోటీకి ముందురోజు అన్నీ తళతళలాడాలని ఒక్కొక్క తూటానూ థిన్నర్ గుడ్డతో తుడిచాను. బంగారంలా మెరిశాయి. చూసుకుని మురిసిపోయి, పెట్టెలో వరసగా పేర్చి పడుకున్నాను.

శనివారం ముందు లియాన్ కొట్టింది. యాభైకి నలభై ఆరు. లేచి, మోచేతుల దుమ్ము దులుపుకుని సాసేజ్ రోల్ తింటూ కూర్చుంది. తర్వాత నేను చాప మీద బోర్లా పడుకున్నాను. పక్కన స్టూలు మీద దుర్భిణీతో డల్సీ, వెనక క్లబ్బంతా. ఆరు గుళ్లకు ఇరవై ఎనిమిది వచ్చాయి. మిగిలిన నాలుగింటికీ పంతొమ్మిది తెచ్చుకుంటే చాలు, రెగ్ చోటు నాదే. ఏడో తూటా పెట్టాను. ఊపిరి బిగబట్టాను. ట్రిగ్గర్ నొక్కాను.

టిక్కుమంది. అంతే. పేలుడు లేదు, తన్ను లేదు. కానీ నా రైఫిల్ మాత్రం పిడుగు పడ్డట్టు ఉలిక్కిపడి, మూతి నేలకు పొడిచింది. నా భుజం ముందుకు దూకింది. రెండు కళ్లూ గట్టిగా మూసుకుని ఉన్నాను.

"కదలకు," అంది డల్సీ. "తుపాకీ గురి బోర్డు వైపే ఉంచు."

తూటా పేలకపోతే అర నిమిషం అలాగే ఉండాలి, ఆలస్యంగా పేలొచ్చు. ఆ అర నిమిషం కన్నా ఆర్నెల్లే తొందరగా గడిచాయి. వెనక ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. తుపాకీ తన్నుతుందన్న భయంతో, అది తన్నకముందే నేనే దాన్ని కిందికి కుమ్ముతున్నానని అందరికీ తెలిసిపోయింది. మామూలప్పుడు ఆ పేలుడు చాటున నా భయం దాక్కునేది.

బోల్టు తీస్తే డల్సీ అరచేతిలోకి డమ్మీ దొర్లింది. ఎర్ర పట్టీ జాడలేదు, నిన్న నేనే శుభ్రంగా తుడిచేశాను. రెండు బస్తాల తేడా పసిగట్టేవాణ్ణి, మందు లేని తూటాను చేత్తో పట్టుకుని కూడా గుర్తుపట్టలేకపోయాను.

"ఇది లెక్కలోకి రాదు. మళ్లీ కొట్టుకో," అన్నాడు మారిస్ నా వైపు చూడకుండా.

నాలుగూ కొట్టాను. మూడు, నాలుగు, నాలుగు, నాలుగు. నలభై మూడు. లియాన్ వచ్చి చెయ్యి కలిపింది. నిజంగానే బాధపడుతోంది ఆ పిల్ల. నాకది ఇంకా కష్టంగా తోచింది.

అందరూ టీకి వెళ్లాక డల్సీ స్టూలు మీదే కూర్చుని ఉంది.

"మీ ఆయన చోటు పోగొట్టాను," అన్నాను.

"ఆయనా ఇంతే, పేలకముందే కిందికి కుమ్మేవాడు. తొమ్మిదేళ్లుగా నీ తుపాకీ మూతి చూస్తున్నా, నలభై ఏళ్లు ఆయనది చూశా."

"మరి ఆయనకెందుకు చెప్పలేదు మీరు?"

ఆవిడ డమ్మీని వేళ్ల మధ్య తిప్పింది. "చెబితే ప్రెస్సు కట్టిపెట్టేవాడు. రోజూ సాయంత్రం నా ఎదురుగా ఎవరు కూర్చునేవారు? మందు తూస్తూ పొలం కబుర్లు చెప్పేవాడు, నేను బఠాణీలు ఒలిచేదాన్ని. నాకది చాలనిపించింది." డమ్మీని గుప్పిట్లో మూసింది. "ఆయన మాత్రం గెలవాలనుకున్నాడు. నేను చెప్పలేదు."

డమ్మీని నా చొక్కా జేబులో వేసింది. "నువ్వలా ఎదురుగా కూర్చోవడం నీ పెళ్లానికి కావాలో లేదో నాకు తెలీదు గానీ, నీకు చెప్పేశా. ఇలాంటివి ఇంకో తొమ్మిది చెయ్. వచ్చే శనివారం నుంచి తుపాకీలో తూటా పెట్టేది నేను. ఆ ఉలికిపాటు పోయేదాకా ఏది డమ్మీయో నీకు చెప్పను."

ఆ సాయంత్రం వంటింట్లో తొమ్మిది చేశాను. మందు పోసేది లేదు కాబట్టి తూచాల్సిందేమీ లేదు. అయినా గుండ్లు తూచాను. ఫ్రిజ్జు మీది కాగితాలన్నీ పీకి జానెట్‌ను పిలిచాను.

"ఆ ఎర్ర గోళ్లరంగు ఇంకా ఉంది. నువ్వేస్తావా పట్టీలు?"

"నా సీసా నీ దగ్గరుందా?" అంది. నాలుగు తిట్లు తిట్టి, కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.