గట్టు దగ్గర విడిచిన చెప్పులు

బిక్షానికి షుగర్ వచ్చి తొమ్మిదేళ్లయింది. విసుక్కోని రోజు లేదు, మందు మానిన రోజూ లేదు. పొద్దున్నే పొట్టకు సూది, తిన్నాక గోలీలు, పళ్లెంలో పిడికెడన్నం. నెలకోసారి చేవెళ్ల దవాఖానలో నలుగురు కలిసి ఆయన్ని పట్టుకునేవారు. ఒకరు రక్తం తీసేవారు, డాక్టరు ఆ కాగితం చూసేవాడు, ఆశా అనే అమ్మాయి ఏం తిన్నావో చెప్పమని ఆరా తీసేది, నర్సు విమలమ్మ కాలి కట్టు విప్పేది. ఠాణాలో కూడా ఇన్ని ప్రశ్నలడగరని భార్య జంగమ్మ దగ్గర గొణిగేవాడు పాపం.

గొడవంతా ఆ కాలిదే. కుడి బొటనవేలి కింద రూపాయి బిళ్లంత పుండు పడి నాలుగు నెలలైంది. షుగర్ అదుపులోనే ఉంది. మందులు మార్చారు, మెత్తటి రబ్బరు అడుగు వేయించి చెప్పులు కుట్టించి ఇచ్చారు. అయినా పుండు మానలేదు. ఇక దాచి లాభం లేదని డాక్టరు ఉన్నమాట చెప్పేశాడు. పదిహేను రోజులు చూస్తాం, అప్పటికీ మానకపోతే వేలు తీసేయాలి.

ఆ మాట విని జంగమ్మ బెంచీ మీద కూలబడింది. బిక్షం మాత్రం, తీస్తే తీయనీ, ఈ బస్సులెక్కడం దిగడం తప్పుతుందనుకున్నాడు. అంత అలసిపోయి ఉన్నాడు.

విమలమ్మ కట్టు విప్పుతూ ఆగింది. చెప్పులు చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

“చెప్పులు కొత్తగనే ఉన్నయి, కట్టు నిండ మట్టి ఉన్నది. ఇదెట్ల బాపు?”

“ఏసుకుంటనే ఉన్న సిస్టరమ్మా.”

“ఇంట్ల?”

“ఇంట్ల ఏసుకుంట. బస్సుల ఏసుకునే వచ్చిన గద.”

“మరి పనికాడ?”

జవాబు జంగమ్మ చెప్పింది.

“ఎట్ల ఏసుకుంటడమ్మా? గట్టు కాడ ఇడిచి దిగుతడు. చెప్పుల్తోని చెల్కల అడుగు పెడ్తరా ఎవరన్న?”

ఆ చెల్క సంగతి చెప్పాలి. సురంగల్‌లో రెండెకరాల మెట్ట చేను, తాతల నాటిది. నాలుగేళ్ల కింద, సాఫ్ట్‌వేర్ కొలువులవాళ్లు కార్లేసుకుని వచ్చి మొయినాబాద్ చుట్టుపక్కల భూములన్నీ కొంటున్నప్పుడు బిక్షం కూడా అమ్మకం కాగితాల మీద దస్కతు, అదే సంతకం, పెట్టేశాడు. ఇప్పుడక్కడ ఫామ్‌హౌస్, పచ్చిక, ఈత కొలను, సెలవు రోజుల్లో వచ్చే జనం ఉన్నారు. పచ్చికకు నీళ్లు పెట్టే మాలి బిక్షమే. గట్టు పోయి గేటు వచ్చింది. వచ్చినవాళ్లంతా బూట్లతోనే లోపలికి పోతారు. ఈ మనిషి మాత్రం గేటు పక్కన చెప్పులు విడిచి, భూమికి దండం పెట్టుకుని లోపలికి పోతాడు. షుగర్ వల్ల పాదాలకు స్పర్శ పోయింది కాబట్టి ఎండకు కాలిన బండలు తొక్కినా, ముల్లు దిగినా ఆయనకు తెలిసేది కాదు.

అమ్మిన సంగతి తెలిసిన విమలమ్మ కోప్పడలేదు. ఆమె తండ్రీ సేద్యం చేసినవాడే.

“అది చెల్క కాదు బాపు ఇప్పుడు,” అంది మెల్లగా. “నువ్వు నౌకరీ చేసే జాగ.”

బిక్షం చెప్పులు తొడుక్కుని బస్సుకు బయల్దేరాడు.

మర్నాడు గేటు దగ్గర అలవాటుగా వంగాడు. వెంట వచ్చిన జంగమ్మ చెయ్యి పట్టుకుంది. “నీ కాళ్లు మొక్కుత, ఇడువకు,” అంది. పెళ్లయిన ముప్పయ్యేళ్లలో ఆమె అంతలా బతిమాలింది లేదు. ఆయన చెప్పులతోనే లోపలికి అడుగుపెట్టాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

పదిహేనో రోజున విమలమ్మ కట్టు విప్పి, గట్టిగా డాక్టర్ని పిలిచింది. పుండు శనగ గింజంతయింది, అంచుల్లో కొత్త చర్మం వచ్చింది. వేలు తీయాల్సిన పని లేదన్నాడు డాక్టరు. ఆశా చప్పట్లు కొట్టింది. జంగమ్మ ఏడ్చేసింది.

“నీ మొకంల నవ్వే లేదేంది బాపు?” అడిగింది విమలమ్మ.

“మంచిగనే ఉన్నది సిస్టరమ్మా. మీ అందరి పుణ్యాన ఏలు నిల్చింది,” అన్నాడు బిక్షం. కొత్త కట్టు కోసం కాలు చాపాడు. “దస్కతు పెట్టిన నాడు గిట్ల అనిపియ్యలే. చెల్కను ఇప్పుడు అమ్ముకున్న.”