యార్డు గేటు దగ్గర మొహం పరీక్ష

ఖుర్షిదా చేసిన తప్పల్లా కళ్ళు తుడుచుకోవడమే.

మార్చి నెల, మిట్టమధ్యాహ్నం. గుంటూరు మిర్చి యార్డులో ఎండుమిరప బస్తాలు, టిక్కీల మీద టిక్కీలు దిగుతున్నాయి. ఫోన్లో ఆర్డర్లు అందుకుని స్కూటీ మీద భోజనాలు చేరవేసే రైడర్ ఖుర్షిదా, కమీషన్ కొట్టు గుమాస్తాకి బిర్యానీ పొట్లం తెచ్చి, దారికి అడ్డంగా ఉన్న మిరప టిక్కీని చేత్తో పక్కకి జరిపిందో లేదో, ఫోను మోగింది. 'మీ ముఖాన్ని ధ్రువీకరించండి. అరవై సెకన్లు.' పని మొదలెట్టేటప్పుడూ, మధ్యలో అడిగినప్పుడల్లా ఎక్కడున్నా ఆగి మొహం చూపించాలి. బండి నడిపేది ఖాతా ఉన్న మనిషేనని కంపెనీకి నమ్మకం కుదరాలి. ఆమె మొహానికి చుట్టుకున్న చున్నీ విప్పింది. ఘాటు గుప్పున కొట్టింది. కారే కళ్ళని, టిక్కీ జరిపిన చేత్తోనే తుడిచేసుకుంది. పెళ్ళికి ముందు నాలుగేళ్ళు కోల్డ్ స్టోరేజీలో మిరప తొడిమలు తీసిన మనిషి. ఆ చెయ్యి కంటికి తగలకూడదని తెలియదా? తెలుసు. అరవై సెకన్లలో గుర్తురాలేదు, అంతే.

కళ్ళు వాచి మూసుకుపోయాయి. మూడుసార్లు చూపించింది. మూడుసార్లూ కాదంది ఫోను. ఆ తర్వాత వచ్చిన కబురు ఆమెకు కనపడితేగా! గుమాస్తాయే చదివి వినిపించాడు. "మీ ఖాతాను వేరే వ్యక్తి వాడుతున్నట్టు గుర్తించాం. మోసం కారణంగా శాశ్వతంగా నిలిపివేశాం."

పొట్లం మాత్రం అతని చేతిలో పెట్టే బయటికి వచ్చింది ఆ మోసగత్తె.

మోసం ముద్ర పడ్డ రైడర్‌ని వేరే కంపెనీ కూడా దగ్గరికి రానివ్వదు. ఇదే యార్డులో టిక్కీలు మోసి నడుం విరిగిన మొగుడు బాషా మంచంలో ఉన్నాడు. ఆ ఇల్లు నడిచేది ఆమె స్కూటీ మీదే.

గేటు బయట టీ బంకే రైడర్ల అడ్డా. అందరిలోకి పెద్దవాడు నన్నే సాహెబ్ మజ్జిగ తెప్పించి ఆమె కళ్ళు కడిగించాడు. తనే కూర్చుని కంపెనీకి అర్జీ కొట్టాడు. రెండు సెకన్లలో జవాబు: 'మీ అభ్యర్థనను క్షుణ్ణంగా పరిశీలించాం. నిర్ణయం మారదు.'

"రెండు సెకన్లలో ఏం పరిశీలించార్రా వీళ్ళు? దగ్గడానిక్కూడా అంతకంటే ఎక్కువ పడుద్ది!" అని అరిచాడు నల్లపాడు కోటి.

"మొన్న ఆదాంకి ఇట్టాగే చేశారు. అంతకుముందు షబ్బీర్‌కి. మనలో ఎవరన్నా నోరెత్తామా?" అంది ఖుర్షిదా. "నేనూ ఎత్తలా. నా దాకా రాలేదు గదా అనుకున్నా."

కోటి టీ గ్లాసు కింద పెట్టి లేచాడు. పాతికమంది ఆమె వెంట కంపెనీ ఆఫీసుకి కదిలారు. మేనేజర్ మెట్ల మీదే ఆపేశాడు.

"నా చేతుల్లో ఏం లేదమ్మా. అది సిస్టం తీసుకున్న నిర్ణయం."

"నన్ను చూడండి. నేను ఖుర్షిదానా, కాదా? చేరిన రోజు ఈ కంపెనీ సంచీ ఇచ్చింది మీరే గదండీ?"

"మీరేనమ్మా. నేను చెప్తే అది వినదు."

"అయితే మీ సిస్టాన్ని తెచ్చి టిక్కీల మధ్య నిలబెట్టండి. అది కళ్ళు తెరిచి మొహం చూపిస్తే నేను మోసగత్తెనని ఒప్పుకుంటా!"

మేనేజర్ తలుపేసుకున్నాడు. ఎక్కడో చల్లటి గదుల్లో కూర్చున్నవాళ్ళు తయారుచేసిన పరీక్ష అది. చెమట పట్టని, దగ్గు రాని, కళ్ళు కారని మొహమే వాళ్ళకి మొహం. మిగతావన్నీ దొంగ మొహాలే!

సాయంత్రం బంకు దగ్గర వాదన ముదిరింది. "ఒక్క మనిషి కోసం అందరం పని పోగొట్టుకుంటామా?" అన్నాడు ఇంకో రైడర్ బుడే.

"ఒరేయ్, రేపు నువ్వు యార్డులోకి పోవా? నీ కళ్ళేమన్నా రాతితో చేశారా?" అన్నాడు నన్నే సాహెబ్.

మర్నాడు పదకొండింటికి అరవైమంది రైడర్లు యార్డు గేటు దగ్గర చేరారు. మొహాలకి గుడ్డల్లేవు. టిక్కీల పక్కన నిలబడి, కళ్ళు కారుతుండగా, దగ్గుతూ, ఒకేసారి ఫోన్లకి మొహాలు చూపించారు. ఒక్కొక్క ఫోనూ కాదంది, ఖాతా మూసేసింది. అరవైమందీ మోసగాళ్ళే! హమాలీలు బరువులు దించి వచ్చారు. తొడిమలు తీసే ఆడవాళ్ళు కొంగులు బిగించుకుని వచ్చారు. ఊళ్ళో భోజనాల వేళయింది. తెచ్చే మనిషి లేడు.

ఒంటిగంటకి మేనేజర్ పోలీసు జీపులో దిగాడు. అదే నిమిషంలో ఫోన్లన్నీ మోగాయి. 'మీ ఖాతా తెరవబడింది. మొహం చూపించి పనిలోకి రండి.'

"అందరివీ తెరిపించాను. ఆమెది మాత్రం కుదరదు. గొడవ మొదలెట్టింది ఆమె," అన్నాడు మేనేజర్.

నిన్న చేతుల్లో ఏమీ లేదన్న మనిషి! ఖుర్షిదా ఒళ్ళు మండిపోయింది. అందరికీ సంసారాలున్నాయి, మీరు పనిలోకి పోండని చెబుదామని నోరు తెరిచింది. తెరిచిన నోరు మూసేసింది. ఎవరూ పోకూడదనే ఉంది ఆమెకు.

ముందు కదిలింది బుడే. ఫోను తీసి బండి వైపు నడిచాడు. కోటి పళ్ళు కొరికాడు. కానీ బుడే బండి దాటి ఖుర్షిదా ముందుకొచ్చి ఆగాడు. ఫోను ఆమె మొహానికెదురుగా పెట్టాడు.

"ఖుర్షిదా ఆపా, ఇటు చూడు."

ఆమె చూసింది. 'వేరే వ్యక్తి' అంది ఫోను.

"ఇదిగో, ఇప్పుడు నిజం చెప్పింది!" అన్నాడు బుడే.

జనం ఘొల్లున నవ్వారు. కోటి తన ఫోను ఆమె మొహానికి చాపుతూ ఉరికాడు, వెనక నన్నే సాహెబ్, ఆ వెనక మిగతావాళ్ళు. మేనేజర్‌తో వచ్చిన ఎస్సై ఖుర్షిదా రెక్క పట్టుకుని జీపు ఎక్కించాడు. జీపు కదలలేదు. ముందు హమాలీలు కూర్చున్నారు. రెండువైపులా కిటికీల్లోంచి ఫోన్లు చొచ్చుకొచ్చాయి.

"ఖాతాలు శాశ్వతంగా పోతాయి, ఆలోచించుకోండి!" అని మేనేజర్ దగ్గుతూ అరుస్తున్నాడు. అతని కళ్ళూ వాచిపోయాయి.

ఖుర్షిదా తల మీది చున్నీ వెనక్కి తోసింది. మండుతున్న కళ్ళు పెద్దవి చేసి, ఒక్కొక్క ఫోనుకీ తన మొహం సరిగ్గా కనపడేలా కిటికీకి దగ్గరగా జరిగి కూర్చుంది.