అవెర్నో గుహ తలుపు

ప్రోకొలో ఒంటరిగా దొరకడం మఫాల్దాకి గగనమే. నిశ్చితార్థమై పదకొండేళ్లయినా, ఇటలీలోని ఆ చిన్న పొత్సువోలి ఊళ్లో వీధికో మేనత్త, సందుకో పిన్ని అడ్డం పడుతూనే ఉంటారు. అందుకే ఆ ఉదయం అవెర్నో సరస్సు పక్కనున్న గుహకే వచ్చింది. రోమన్లు తొలిచిన సొరంగం అది. పూర్వం సిబిల్లా అనే జోస్యురాలు అక్కడే సోదె చెప్పేదనీ, లోపల్నుంచి యమలోకానికి దారి ఉందనీ ఊళ్లో అంటారు. దాని తాళంచెవి మూడు తరాలుగా ప్రోకొలో ఇంట్లోనే ఉంది, చూడవచ్చినవాళ్లకి గుహ తిప్పి చూపించేదీ వాళ్లే.

మేకలు దూరతాయని అతను అలవాటుగా ఇనుప తలుపు లాగేశాడు. లోపల బల్బు కింద మఫాల్దా నిలదీసింది.

"సోమవారం ఫోర్మియా ఊళ్లో బడిలో టీచరుగా చేరాలి. ఇల్లు కూడా చూశాను. నువ్వొస్తావా, రావా?"

"చూద్దాంలే."

"పదకొండేళ్లుగా చూస్తూనే ఉన్నావు. కళ్లు నొప్పెట్టడం లేదూ?"

అప్పుడే నేల అదిరింది. మట్టి రాలి, బల్బు ఆరిపోయింది. పొత్సువోలి వాళ్లకి ఇది మామూలే, ఏడాదిగా నేల ఉబ్బుతూనే ఉంది. పరాయివాళ్లయితే పరుగు తీసేవారు. వీళ్లు ఇంకోటి వస్తుందేమోనని నింపాదిగా నిలబడ్డారు. తీరా వెళ్లి తోస్తే తలుపు కదల్లేదు. లేచిన నేల దాని అడుగును కరిచి పట్టుకుంది.

"నెల్రోజులుగా రాసుకుంటోంది. అరగదీద్దామనే అనుకుంటున్నా," అని గొణిగాడు ప్రోకొలో.

"అదీ చూద్దామనేనా?"

ఇద్దరూ గొంతు పోయేలా అరిచారు. ఫోను పలకలేదు. మఫాల్దాకి ఊపిరాడలేదు. చీకటి ఒక్కటే కారణం కాదు. ఆదివారం ఆదివారం ఇతని తల్లి భోజనాల బల్ల దగ్గర ఆమెకి ఇలాగే ఊపిరాడేది కాదు. దుఃఖం ఆగక భోరుమంది.

ప్రోకొలో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "బయటపడితే నీతో వచ్చేస్తా. ఈ తాళంచెవి ఎవరికో ఇచ్చేస్తా. నాకు పేరిచ్చిన పునీతుడి మీద ఒట్టు!"

ఆమె నమ్మింది. పిచ్చిది, మనస్ఫూర్తిగా నమ్మింది.

రెండు గంటల తర్వాత ఎగువ ద్రాక్షతోట వినీచియో కేకలు విని వచ్చాడు. గునపంతో తలుపు ఎత్తి తెరిచాడు. "రెండు గంటలు చీకట్లోనా! ఇంక పెళ్లి తప్పదురా అబ్బాయ్," అని వెక్కిరించి తన దారిన పోయాడు.

"నువ్వు ముందు నడు. సరస్సు దాకా వెనక్కి చూడకు," అన్నాడు ప్రోకొలో. వచ్చిన ప్రతివాళ్లకీ అతను చెప్పే మాటే. చచ్చిపోయిన పెళ్లాన్ని యమలోకం నుంచి తెచ్చుకుంటూ, వెనక్కి చూసి పోగొట్టుకున్న గాయకుడి కథ అది. వందసార్లు విని నవ్విన మఫాల్దా ఇవాళ బుద్ధిగా నడిచింది. వెనక అతని బూట్ల చప్పుడు వింటుంటే ప్రాణం లేచొచ్చినట్లయింది.

కాసేపటికి ఆ చప్పుడు ఆగింది. తర్వాత గుహ వైపు నుంచి గరగరమని ఆకురాయి ఇనుము మీద రాసుకుంటున్న మోత వినిపించింది.

"మఫాల్దా! ఈ తలుపు అరగదీసి వచ్చేస్తా. ఫోర్మియా సంగతి సాయంత్రం చూద్దాం!"

సరస్సు వచ్చేసింది. ఇక వెనక్కి చూడొచ్చు. మఫాల్దా కళ్లు తుడుచుకుని, చూడకుండానే బస్సు స్టాపు వైపు నడిచింది.