పసుపు దారం సంచి

పరీక్షకొచ్చే ఆకు సంచి మీద పేరు ఉండదు, నంబరే ఉంటుంది. దీని మీద పదిహేడు. అయినా చూడగానే నా గుండె గంతులేసింది. పసుపు దారంతో, ఏనుగుకైనా సరిపోయేంత పెద్ద కుట్లు వేసేది ప్రపంచం మొత్తంలో మా పిన్ని ఒక్కతే.

తెలిసినవాళ్ళ ఆకు వస్తే పరీక్ష ఇంకొకరికి అప్పజెప్పాలని మా ల్యాబులో రూలు. అప్పజెప్పానా? లేదు. నా నిజాయితీ మీద నాకు అంత నమ్మకం మరి!

దగ్గుమందులో వేసే ఆకు అది. ఎండిన పొడి నూరు గ్రాముల్లో ఆల్కలాయిడ్, అంటే మందుగా పనిచేసే సరుకు, కనీసం 0.60 గ్రాములు ఉండాలి. లేదంటే ఆకు వెనక్కే. వెనక్కి వస్తే మొక్కలన్నీ పీకేసి కారు షెడ్డు వేస్తానని బాబాయి ఒట్టు పెట్టుకున్నాడు. నాలుగేళ్ళుగా పిన్ని ఆ మొక్కలకు నీళ్ళతోపాటు కబుర్లు కూడా పోసి పెంచింది.

పొడిలోంచి సరుకు లాగి, ఫ్లాస్కులో పోసి, రంగు కలిపి, గాజు గొట్టంలోంచి ఆమ్లం చుక్కచుక్కగా వదిలాను. పసుపు రంగు ఎర్రబడగానే ఆపాలి. ఎన్ని చుక్కలు పడితే అంత సరుకు ఉన్నట్టు. సొంత పిన్ని కదా, పక్షపాతం చూపించకూడదు! ఎరుపు అలా తొంగిచూసిందో లేదో, టక్కున కొళాయి కట్టేశాను. 0.52. మళ్ళీ చేశాను. 0.52. మూడోసారీ అంతే. ఫోన్లో పిన్నివి అప్పటికే మూడు మిస్డ్ కాల్స్.

అప్పుడే మా ల్యాబు పెద్దాయన వచ్చాడు. చుక్కను కూడా సగం చేసి కొలుస్తాడని ఆయన్ని చుక్కల మాస్టారు అంటాం.

"ఇదేంటమ్మా, మూడు ఫ్లాస్కులూ ఇంకా పసుపుగానే ఉన్నాయి? కలిపాక కూడా ఎరుపు నిలవాలి కదా! ఆరేళ్ళుగా నేర్చుకున్నది ఇదేనా?"

"అది మా పిన్ని ఆకు సార్!" అని భోరుమన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "అయినవాళ్ళకి ఎక్కువ రాసేవాళ్ళని చూశాను గానీ, తక్కువ రాసేదాన్ని నిన్నే చూస్తున్నా. లే పక్కకి."

కొత్త పొడితో మొదటినుంచీ తనే చేశాడు. చివరికి చుక్కలు మొదలయ్యాయి. "ఇంకొకటి... ఉహూఁ, పోయింది. ఇంకొకటి..." నేను స్టూలెక్కి ఊపిరి బిగబట్టాను. ఎరుపు వచ్చింది. తిప్పినా పోలేదు. 0.71!

స్టూలు మీదే గంతులేశాను. మాస్టారు సగం చుక్కంత నవ్వి, రిపోర్టు మీద తన సంతకం పెట్టి, రూలు తప్పినందుకు నా చేతిలో మెమో పెట్టాడు. రిపోర్టు బయటికి వెళ్ళిన నిమిషంలో ఫోన్ చేశాను.

"పిన్నీ, నీ ఆకు పాసైంది!"

"నిజంగానా? నువ్వే చూశావా తల్లీ?"

"లేదు పిన్నీ. నేను చూసిందైతే ఫెయిలే."

పిన్నికి అది వినిపించినట్టే లేదు. "ఏమండోయ్, ఆ పార కింద పెట్టకండి!" అని అటు తిరిగి అరిచింది. "షెడ్డుకని మొక్కలు దాటి కూడా ముగ్గు గీశారే, ఆ ఖాళీ చోటు తవ్వండి. ఇంకో రెండు వరుసలు పడతాయి."