ఛాంపియన్ వెనకాల

మంచు మీద జారే స్కీ పందేల్లోంచి స్టూర్లా రిటైరైనప్పటి నుంచీ అతని స్కీల అడుగున మైనం రుద్దడం భార్య రాగ్ని పనే. పతకాలు గెలిచే రోజుల్లో దానికి జీతమిచ్చి మనుషుల్ని పెట్టేవారు. ఇప్పుడు కాఫీ కాచడంలాగే, సంచిలో నారింజలు సర్దడంలాగే అదీ ఆవిడ నెత్తిన పడింది.

ఈస్టర్ సెలవులు. కొండమీది వాళ్ల చెక్క కాబిన్ ముందు పొద్దున్నే జనం చేరారు. ఛాంపియన్‌తో కలిసి శిఖరం దాటాలని వాళ్ల సరదా. ఒక జంటైతే చంటిపిల్లని మంచుమీద లాగే బుల్లి స్లెడ్జిలో పడుకోబెట్టి తెచ్చారు. "ఎంత అదృష్టవంతురాలివమ్మా!" అంది ఆ తల్లి. రాగ్ని అలవాటుగా నవ్వింది. శిఖరం మీద మంచు పొగలా లేస్తోంది.

ఒకసారి ఇలాగే గాలి లేచింది. తిరిగిపోదామంటే స్టూర్లా వినలేదు. చివరికి తలదాచుకోడానికి మంచులో గొయ్యి తవ్వి అతన్ని లోపలికి లాగింది రాగ్నే. పేపర్లు మాత్రం భార్యను కాపాడిన వీరుడని రాశాయి. అతను కాదనలేదు. పైగా ప్రతి సభలోనూ "మా ఆవిడ ఎంత ఏడ్చిందో!" అని నవ్విస్తాడు. "దేశమంతా వాణ్ని ప్రేమిస్తోంది, నువ్వు నోరు విప్పకు తల్లీ" అంది అత్తగారు. కొండల్లో వెనక్కి తిరగడం సిగ్గు కాదని ఇక్కడ పిల్లలందరికీ బళ్లోనే నేర్పుతారు. ఆ పాఠం ఛాంపియన్‌కి అక్కర్లేదని జనం ఎప్పుడో తీర్మానించేసుకున్నారు.

"గాలి చూడు స్టూర్లా. ఇవాళ వద్దు" అంది రాగ్ని మెల్లగా.

"ఇంతమంది ముందు నా పరువు తియ్యకు" అని గొణిగి, గొంతు పెంచాడు. "మా ఆవిడకి మళ్లీ ఏడుపొస్తోందర్రా!"

అందరూ గొల్లుమన్నారు. స్కీలు తొడుక్కుని నిలబడ్డ కూతురు ఈదున్ కూడా నవ్వింది. ఆ నవ్వుకి రాగ్ని ప్రాణం చివుక్కుమంది. వంగి కూతురి స్కీలు విప్పేసింది.

"అమ్మా! అందరూ చూస్తున్నారు!"

"చూడనీ." లేచి జనం వైపు తిరిగింది. "ఆ రోజు గొయ్యి తవ్వింది నేను. ఈయన వెనక్కి తిరగనన్నాడు. ఇవాళా తిరగడు. మీరు వెళ్లకండి."

"మొగుడూ పెళ్లాల గొడవ ఇంట్లో చూసుకోవాలమ్మా" అన్నాడొక పెద్దాయన. స్టూర్లా వెనక్కి చూడకుండా కదిలాడు. అతని వెనకే అందరూ. రాగ్ని స్లెడ్జి పట్టుకుని ఆపబోతే ఆ తల్లి ఆమె చెయ్యి తోసేసింది. రంగురంగుల కోట్లు ఒక్కొక్కటే తెల్లదనంలో కలిసిపోయాయి.

ఏడుస్తున్న కూతుర్ని లోపలికి తీసుకొచ్చి, తలుపు వేసి, కొండ రక్షకదళానికి ఫోన్ చేసింది.

"స్టూర్లాయా?" అవతల కుర్రగొంతు ఉప్పొంగిపోయింది. "మా నాన్నకి ఆయన దేవుడండీ! ఆయన ముందుంటే మీకు భయమెందుకు?"

"ఆయన ముందున్నాడు కాబట్టే అంతమంది వెనక వెళ్లారు" అంది రాగ్ని. "త్వరగా బయల్దేరండి."